తలుపు దగ్గర మాట

పోయిన వారం డ్రైవరును యూనివర్సిటీ గేటు ముందు నిలబెట్టి వదిలేశాం. అతను అక్కడికి ఎందుకొచ్చాడో ఒకసారి చెప్పుకుని లోపలికి పోదాం.

అతను బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్కతే కూతురు. ఆ పిల్ల చదివిన యూనివర్సిటీలోనే ఒక పెద్ద షెడ్డు, ఆ షెడ్డులో కిటికీలు లేని ఇల్లు ఉన్నాయి. ఆరుగురు మనుషులు ఏడాదిపాటు అందులోనే ఉంటారు. ఆ ఆరుగురిలో ఈ పిల్ల ఒకతె. వేరే గ్రహానికి పోయే ఓడలో ఎలా ఉండాలో అలా ఉంటారు. తిన్న తిండి, పీల్చిన గాలి, పడిన గొడవ, అన్నీ బయటివాళ్ళు రాసుకుంటారు. బయటి మాట లోపలికి చేరడానికి పావుగంట, లోపలి మాట బయటికి రావడానికి మరో పావుగంట. నిజంగా అంత దూరం పోయినవాళ్ళ మాట అంత ఆలస్యంగానే వస్తుంది కాబట్టి యంత్రం ప్రతి మాటనూ పట్టి ఉంచి వదులుతుంది. మధ్యలో ఒక్కరు బయటికొచ్చినా తలుపు తెరిచినట్టే. తలుపు తెరుచుకుంటే ఆరుగురి ప్రయాణమూ అయిపోయినట్టే.

"కదలని బండిలో ప్రయాణమేంటే?" అని డ్రైవరు మొదట నవ్వాడు. తర్వాత అరిచాడు. ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. సాగనంపడానికి భార్య ఒక్కతే వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆమె ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. మూడు వారాల కింద పోయింది. యూనివర్సిటీకి కబురు చేసినా కూతురు రాలేదు. కూతురికి అసలు ఎవరూ చెప్పలేదని పాడె లేచేటప్పుడు తెలిసింది అతనికి.

ఇవాళ ఆ తలుపు తీయించడానికి వచ్చాడు.

* * *

వెయిటింగు గదిలో ఒక్కతే కూర్చునుంది ఒకావిడ. నిండు చూలాలు. లోపలున్న ఆరుగురిలో ఒకడైన డాక్టరుకు భార్య. వారానికోసారి ఇంటివాళ్ళు వచ్చి మైకులో మాట్లాడి పోయే రోజు ఇది. డ్రైవరు భార్య మంచం పట్టేదాకా వారం వారం ఇదే గదికి వచ్చేది. అతనికి దారి తెలియదు. ముగ్గుర్ని అడిగి వచ్చాడు.

"మీరు ఉడత వాళ్ళ నాన్నగారు కదూ?" అంది ఆవిడ.

డ్రైవరు తలెత్తాడు. పిల్లను ఉడతా అని పిలిచేది తల్లి ఒక్కతే.

"పిన్నిగారు చెప్పేవారు బాబాయిగారూ. మా ఆయన మాట్లాడితే స్టాపులో బస్సు ఆపినట్టుంటుంది, ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి, రైట్ రైట్, అంతేనని." నవ్వింది. అతను నవ్వలేదని చూసి సర్దుకుంది. "పిన్నిగారు రావట్లేదేమండీ? ఒంట్లో బాగోలేదా?"

"బాగోలేదు" అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి పెళ్ళాం చావు చెప్పుకునే అలవాటు అతనికి లేదు.

"వచ్చినా ఏం లాభం లెండి. మూడు వారాల్నుంచి లైన్లు పాడయ్యాయట. ఎవరికీ మాట పోవట్లేదు, రావట్లేదు. మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడూ మాట్లాడేవాడు కాదనుకోండి. అప్పుడు ఆయన్ని తిట్టుకునేదాన్ని, ఇప్పుడు యంత్రాన్ని తిట్టుకుంటున్నా." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "వీడు వాళ్ళ నాన్న వచ్చేదాకా ఆగేట్టు లేడు. ఆ ముక్కన్నా చెబుదామంటే ఇవాళ కూడా బాగవలేదంటున్నారు."

మూడు వారాలు.

డ్రైవరు లేచాడు. ముప్పై ఏళ్ళు బండి నడిపినవాడికి ఇంజను తనంతట తాను ఆగిందో ఎవరైనా ఆపారో చెప్పనక్కర్లేదు.

* * *

ప్రొఫెసరమ్మ గదిలో బల్ల మీద ఆ కిటికీలు లేని ఇంటి బొమ్మ ఒకటి ఉంది. అట్టతో చేసింది. పైకప్పు ఎత్తితే ఆరు మంచాలు, ఒక వంటగట్టు, ఒక చెట్ల అర కనిపిస్తాయి. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టుకు పెన్సిలు గుచ్చుకుని, చెప్పులు విప్పేసి కూర్చునుంది. అతణ్ణి చూసి చెప్పులు తొడుక్కుని లేచింది. అతనెవరో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"కూర్చోండి."

"నిలబడే మాట్లాడతాను. లైన్లు పాడయ్యాయా, పాడు చేశారా?"

ఆవిడ తప్పించుకోవాలని చూడలేదు. "మేమే ఆపేశాం."

"మా ఆవిడ పోయిందని."

"మీ అమ్మాయి ఒక్కదానికే ఇంటి మాట రాకపోతే తెలిసిపోతుంది. అందుకని అందరికీ ఆపాం."

"ఒక్క శవాన్ని దాచడానికి ఆరిళ్ళ నోళ్ళు కుట్టేశారు. బయట ఆ చూలాలు యంత్రాన్ని తిట్టుకుంటోంది పాపం. యంత్రానికేం తెలుసు?"

ఆవిడ జుట్టులోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసి పట్టుకుంది.

"లోపలికి పంపే ముందు మేమొక మాట అడుగుతాం. ప్రతివాళ్ళనీ, గుమ్మంలో నిలబెట్టి, సాగనంపడానికి వచ్చినవాళ్ళ ఎదురుగా. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయితే చెప్పమంటారా, వద్దంటారా అని. మిగతావాటికి సంతకాలు తీసుకుంటాం. దీనికి మాత్రం తీసుకోం. కాగితమైతే చదవకుండా గీకేస్తారు. నోటితో చెప్పాలంటే నాలుక ఆగుతుంది. ఒకడు ఆ ప్రశ్న దగ్గరే బ్యాగు భుజానికేసుకుని ఇంటికి పోయాడు. మంచిదే అయింది."

"మా అమ్మాయి ఏం చెప్పింది?"

"అమ్మకేమైనా అయితే చెప్పండి, అంది."



"చెప్పమంది" అన్నాడు డ్రైవరు. "మీరు చెప్పలేదు."

"తలుపు మూశాక మీ ఆవిడ వెళ్ళిపోలేదు. వరండాలో నిలబడింది. అప్పుడు చెప్పింది నాతో, తన ఊపిరితిత్తుల సంగతి. ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పేశారని. పిల్లకు చెప్పొద్దంది."

డ్రైవరు బల్ల అంచు పట్టుకున్నాడు. జబ్బు తర్వాత బయటపడిందనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నది. ఆమె దగ్గుతుంటే దుమ్మని, వంట పొగని, చలిగాలని తిట్టాడు. ఆమె అవునవును అంది. పరీక్షలకు తనే తీసుకెళ్ళాడు. రిపోర్టు చేతికిస్తుంటే అతనితోపాటు అప్పుడే విన్నట్టు మొహం పెట్టింది. ఆ మొహం ఇప్పుడు గుర్తొచ్చింది.

"తలుపు మూయకముందే ఎందుకు చెప్పలేదని అడిగాను" అంది ప్రొఫెసరమ్మ. "అందుకే మూశాక చెబుతున్నానంది."

అది ఆమె మాటే. ఇంకెవరూ అలా అనరు. చచ్చినవాళ్ళను నిలదీసే దారి లేదు. ఉంటే సగం మంది మొగుళ్ళు స్మశానంలోనే కాపురముంటారు.

"నాకెందుకు చెప్పలేదట?"

"మీకు చెబితే ఈ తలుపు మీరు బద్దలు కొడతారని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందండీ, అని నవ్వింది."

"కూతురికి చెబుతానని మాటిచ్చారు. తల్లికి చెప్పనని మాటిచ్చారు. రెండు మాటలూ మీ నోరే ఇచ్చింది. ఒక బండిని రెండు ఊళ్ళకు ఎలా నడుపుతున్నారమ్మా?"

"నడపలేకపోతున్నాను" అంది ఆవిడ.

డ్రైవరు ఆ జవాబును వదల్లేదు. జాలిపడే మనిషైతే వదిలేవాడు.

"ఒకటడుగుతాను. నిజం చెప్పండి. తల్లి చచ్చినా తెలియకుండా లోపలున్న పిల్ల ఎలా ఉంటుందో, అదీ రాసుకుంటున్నారా మీరు? నా భార్య చావు కూడా మీ చదువులో ఒక పాఠమేనా?"

"కాదని చెప్పాలనే ఉంది" అంది ప్రొఫెసరమ్మ. "ఇలాంటిది ఒకరోజు నిజంగా పైకి పోయినవాళ్ళకి జరుగుతుంది. అప్పుడేం చెయ్యాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోకుండా పంపలేం. రాసుకుంటున్నాం. నేను రాయొద్దన్నా రాస్తారు. నేను వద్దనలేదు కూడా."

అతను ఆ అట్ట ఇంటి పైకప్పు తీసి చూశాడు. ఆరు మంచాల్లో తన పిల్లది ఏదో తెలియలేదు. మళ్ళీ మూశాడు.

"మైకు ఎక్కడ? నేనే చెబుతాను. కాదంటే పోయి ఆ తలుపు పిడి తిప్పుతాను. బయట పిడి లేని తలుపు లోకంలో ఎవడూ చెయ్యడు."

"మిమ్మల్ని ఆపను. చెప్పమన్నది మీ అమ్మాయే, ఆ మాట నేను ఎప్పుడో నిలబెట్టుకోవాల్సింది. కానీ ఇంకొకటుంది. ఇది మీరు విని తీరాలి. అమ్మ గురించి చెప్పాక, మీ గురించీ చెప్పింది. నాన్నకేమైనా అయితే మాత్రం చెప్పొద్దు, అంది."

డ్రైవరు చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నాడు. అది పెట్టే ఉంది. విప్పి మళ్ళీ పెట్టాడు.

"మీ ఆవిడ అది విని నవ్వింది. ఎందుకో నాకు చెప్పలేదు. మీరైనా..."

"సంతోషం" అన్నాడు. "మైకు ఎక్కడో చూపించండి."

* * *

మైకు గది ఇరుకు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఒక తెర. బల్ల దగ్గర ఒకమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునుంది. తెర మీద లోపలి ఇల్లు.

కూతురు కనిపించింది. వెనకనుంచి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎవరు కత్తిరించారో గానీ ఒక పక్క ఎక్కువ పోయింది. మెడ సన్నబడింది. ఆమె ముందు కూడా మైకు ఉంది. భుజాలు కొద్దిగా కదులుతున్నాయి.

"ఇది ఎప్పటి బొమ్మ?"

"ఇప్పటిదే అంకుల్. మనుషుల ప్రాణాలు కదా, చూపుకు ఆలస్యం పెట్టరు. మాటకే" అంది ఆ అమ్మాయి.

"ఎవరితో మాట్లాడుతోంది?"

"మనతోనే. ఇంటివాళ్ళతో మాట్లాడే రోజు కదా ఇవాళ. లైను లేదన్నా ప్రతి వారం వచ్చి కూర్చుంటుంది. ఇవాళే నోరు విప్పింది. ఇంకో పావుగంటకి మనకి వినిపిస్తుంది." మైకు అతని ముందుకు జరిపింది. "మీరు చెప్పడం అయ్యాక ఈ పసుపు లైటు వెలుగుతుంది. మాట దారిలో ఉన్నట్టు. పచ్చది వెలిగితే చేరినట్టు. ఆలోపు వద్దనుకుంటే ఈ బటన్. చెరిగిపోతుంది."

డ్రైవరు మైకుకు మరీ దగ్గరగా వంగాడు.

"నేను" అన్నాడు. "మీ నాన్నని."

తెర మీద కూతురు ఇంకా మాట్లాడుతూనే ఉంది. తండ్రీ కూతుళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరిది ఒకరికి వినపడకుండా. వాళ్ళింట్లో అది కొత్తేమీ కాదు.

"మీ అమ్మ పోయింది. మూడు వారాలైంది. నీకు చెప్పొద్దని వీళ్ళ దగ్గర మాట తీసుకుంది. నిన్ను సాగనంపిన రోజుకే తనకి తెలుసు. నాకు చెప్పలేదు. తల్లీ కూతుళ్ళు ఎప్పుడూ ఒకటే, నేను బయటివాణ్ణి. సరే."

మైకును రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"నలుగురు మోశారు. నలుగురూ బయటివాళ్ళే. డిపోలో నాతో పనిచేసినవాళ్ళు. నీ గురించి అడిగారు. ఊళ్ళో లేదన్నాను. ఏ ఊరని ఒకడు అడిగాడు. ఏం చెప్పను? మనూళ్ళోనే ఉంది, మూడు బస్సులు మారితే వస్తుంది, కానీ రాదు అని చెప్పనా?"

ప్రొఫెసరమ్మ గోడకానుకుని నిలబడింది.

"ఆ రోజు పొద్దున నీళ్ళడిగింది. లోపలికి పోయి గ్లాసుతో తెచ్చేసరికి లేదు. నేను వేసింది నాలుగు అంగలే. ఆ గ్లాసు కిటికీలో పెట్టాను. నీళ్ళు ఎండిపోయాయి. అడుగున తెల్లగా చారిక కట్టింది. నేను కడగను. నువ్వొచ్చి కడుగు."

చెప్పాల్సింది అయిపోయింది. అయినా మైకు వదల్లేదు.

"వచ్చెయ్ ఉడతా" అన్నాడు.

ఆ పేరు అతని నోట్లోంచి రావడం అదే మొదటిసారి. అతనే ఉలిక్కిపడ్డాడు. పసుపు లైటు వెలిగింది.

* * *

పావుగంట అంటే ఏమీ కాదు. డిపోలో టీ తాగే సమయం. ఆ పావుగంట ముగ్గురూ కూర్చున్నారు. అతను ఇంకా మాట్లాడుతుండగానే కూతురు తన మాట ముగించి లేచి పోయింది. ఆమె ఖాళీ చేసిన కుర్చీని అతను చూస్తూ కూర్చున్నాడు.

"లోపల తనేం పని చేస్తుంది?" అని అడిగాడు. ఇన్ని నెలల్లో అడగడం అదే.

"ఊపిరి" అంది ఆ అమ్మాయి. "మూసేసిన ఇంట్లో మనుషుల ఊపిరి ఎలా మారుతుందో చూస్తుంది. అందరూ నిద్రపోతుంటే రికార్డు చేసి వింటుంది. ఎవరికి దిగులో, ఎవరికి జలుబో ఊపిరి విని చెప్పేస్తుంది."

ప్రొఫెసరమ్మ చటుక్కున తల తిప్పి ఆ అమ్మాయిని చూసింది. తర్వాత తెర మీది ఖాళీ కుర్చీని చూసింది.

అప్పుడే స్పీకరు గరగరమంది. కూతురి గొంతు వచ్చింది. మామూలుగా ఉంది. అందుకే భయం వేసింది అతనికి.

"మేడం, ఇది మీకు. లైన్లు పాడవలేదని నాకు తెలుసు. మైకు బాగు చెయ్యడానికి మూడు వారాలు పట్టే మనుషులు కాదు మీరు. డాక్టరుగారు వాళ్ళావిడ గురించి రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు. మిగతా నలుగురికీ దిగులుగానే ఉంది. నా ఒక్కదాని కోసం అందర్నీ ఎందుకు ఏడిపిస్తారు? లైన్లు ఇచ్చెయ్యండి.

"అమ్మ సంగతి నాకు తెలుసు. మొదటి నెలలోనే తెలుసు. తను మాట్లాడుతుంటే మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఆగేది. వారం వారం ఆ ఖాళీ పెరిగేది. నవ్వి కప్పేసేది. నేనూ నవ్వేదాన్ని. ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఇంకో రెండు వారాలనుకున్నాను. అంతే అయ్యుంటుంది. తను చెప్పదలుచుకోలేదు, నేను అడగలేదు. మా ఇద్దరి మధ్యా బాకీ లేదు మేడం. ప్రతి వారం మాట్లాడుకున్నాం. అందుకే ఉండగలుగుతున్నా."

ఆమె ఊపిరి వినిపించింది.

"నాన్న వస్తాడు. వచ్చి అరుస్తాడు. అరవనివ్వండి, కానీ మైకు దగ్గరికి మాత్రం రానివ్వకండి. నేనొచ్చేటప్పుడు ఆయన నాతో మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడి బస్సు టైమైందని అమ్మకి చెప్పాడు, నాకు కాదు. అప్పట్నుంచి ఆ గొంతు కోసమే చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాను. తలుపు దగ్గర అందుకే చెప్పొద్దన్నాను మేడం. ఆయనకేమైనా అయిందంటే ఈ గోడలు పగలగొట్టుకుని వచ్చేస్తాను. ఏమీ కాకపోయినా అంతే. ఆయన గొంతు వినపడి ఒక్కసారి రా అంటే, తలుపు నేనే తీసేస్తాను. ఐదుగురి ఏడాదీ నా చేత్తో నేనే పాడు చేస్తాను. నన్ను అంత పని చెయ్యనివ్వకండి.

"ఇంకొకటి. ఆయన ఒక్కడే ఉన్నాడు. ఎవర్నైనా పంపండి. తినమంటే తినడు. బతిమాలొద్దు. అక్కడ పెట్టేసి వచ్చెయ్యమనండి, తర్వాత తింటాడు."

స్పీకరు ఆగిపోయింది.

పసుపు లైటు వెలుగుతూనే ఉంది.

తెర మీద, లోపలి మైకు దగ్గర చిన్న లైటొకటి మిణుకుమంది. ఇంటినుంచి మాట వస్తున్నట్టు గుర్తు. ఖాళీ కుర్చీ దగ్గరికి కూతురు పరుగెత్తుకొచ్చింది. మూడు వారాలకు మొదటిసారి వెలిగిన లైటది. హెడ్‌ఫోన్లు తీసుకుంది.

ప్రొఫెసరమ్మ బటన్ మీద వేలు పెట్టి అతనికేసి తిరిగింది. "ఇంకెవరికీ నేను మాటివ్వను. మీ గొంతు, మీ కూతురు. త్వరగా చెప్పండి. ఆపనా?"

కిటికీలో గ్లాసు. రాత్రుళ్ళు ఒక్కడే కూర్చునే మంచం. నలుగురు బయటివాళ్ళు. రా అంటే వచ్చే ఒకే ఒక్క మనిషి.

"ఆపండి" అన్నాడు డ్రైవరు. "ఆపండమ్మా!"

ఆవిడ నొక్కింది. మళ్ళీ నొక్కింది. అప్పటికే పచ్చలైటు వెలిగింది.

తెర మీద కూతురు హెడ్‌ఫోన్లను రెండు చేతుల్తో చెవులకు అదిమి పట్టుకుంది. అలాగే ఉండిపోయింది. తర్వాత వాటిని తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, లేచి తలుపున్న వైపు తిరిగింది.

డ్రైవరు కుడికాలు నేలను బలంగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు.